కరెంటు బట్టీతో మూడేళ్ళు, 573 దగ్గర ఒక రాత్రి

మట్టి సామాను కాల్చుకునే నా కరెంటు బట్టీ సైజు, వాట్లు, ఇటుకల రకం గురించి రాయను. కొనాలనుకునేవాళ్ళు అవన్నీ ఎలాగూ చదివే ఉంటారు. నేను రాసేది పక్కన బిగించిన కంట్రోలర్ గురించి, అంటే మనమిచ్చిన లెక్క ప్రకారం వేడిని పెంచే పెట్టె గురించి. అందులోనూ "కరెంటు పోయి వస్తే ఆగిన చోటు నుంచే అందుకుంటుంది" అన్న ఒక్క ముక్క గురించి. మొదటి ఏడాది ఆ ముక్కను నలుగురికీ గొప్పగా చెప్పింది నేనే.

నేను చేసేది స్టీమ్‌పంక్ రకం. ఆవిరి యంత్రాల కాలపు సామానులా కనిపించే కప్పులు, కూజాలు. వాటి మీద పళ్ళచక్రాలు, గొట్టాలు, ప్రెషర్ గేజీలు. నమూనాలకు దూరం పోనక్కర్లేదు. 1900 నుంచి 1997 దాకా రైళ్ళను మోసిన రాజమండ్రి హేవలాక్ వంతెన రివిట్లు, కాలవ లాకుల దగ్గర తలుపులెత్తే చక్రాలు, ఉప్పుడు బియ్యం మిల్లు బాయిలరు చాలు. చూసొచ్చి బాల్‌పెన్ను మూతతో మట్టిలో రివిట్లు ఒత్తుతాను. కంచు రంగు తెచ్చే మాంగనీసు, రాగి గ్లేజు (కాలిస్తే గాజులా అంటుకునే పూత) మాత్రం కప్పు బయటే, లోపల ఎప్పుడూ వెయ్యను.

బట్టీ మంచిదే. మా కోనసీమ గాలికి వానాకాలంలో పచ్చి కూజా పది రోజులైనా లోపల ఆరదు. దాన్ని గబగబా వేడి చేస్తే తేమ ఆవిరై పేల్చేస్తుంది (స్టీమ్‌పంక్‌లో స్టీము బొమ్మ వరకే ఉండాలి). రాత్రంతా 90 డిగ్రీల దగ్గర నిలబెట్టమంటే ఈ కంట్రోలర్ నిలబెడుతుంది. మూడేళ్ళలో పేలినవి రెండే, అవీ నా తొందర వల్లే.

కిందటి అక్టోబరులో మా మేనకోడలు తన కాఫీ షాపుకి 12 కప్పులు అడిగింది. మందపాటి గోడ, దాని మీద పల్చటి చక్రాలు. గ్లేజు పూయక ముందు చేసే మొదటి కాల్పు. రాత్రి 11 గంటలకు 590 డిగ్రీలు చూసి పడుకున్నాను. కాసేపటికే గాలివాన, కరెంటు పోయింది. తెల్లవారుజామున మూడింటికి ఫ్యాను తిరిగింది. "మనవాడు అందుకుంటాడులే" అనుకుని అటు తిరిగి పడుకున్నాను.

అందుకున్నాడు. గొడవంతా అక్కడే. తర్వాత ఒకరోజు ఖాళీ బట్టీని కావాలని ఆపి చూశాను. నాలుగు గంటల్లో 590 నుంచి 370కి పడింది. కరెంటు రాగానే కంట్రోలర్‌కి గుర్తున్నది 590 ఒక్కటే. గంటకు 100 చొప్పున ఎక్కమని నేనిచ్చిన లెక్క వదిలేసి, కాయిల్స్ పూర్తిగా మండించి ముప్పావు గంటలో పైకి తెచ్చేసింది. మట్టిలోని ఇసుక 573 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు అక్కడే ముడుచుకుంటుంది. నా కప్పులు ఆ గీతను ఎక్కుతూ, దిగుతూ, మళ్ళీ పరుగున ఎక్కుతూ మూడుసార్లు దాటాయన్నమాట. పన్నెండింటిలో తొమ్మిదింటికి చక్రం అంటించిన చోటే చీలిక.

నాకు మట్టి ఇచ్చే, ఆములో (కుమ్మరి బట్టీలో) కుండలు కాల్చే కుమ్మరి బాబాయి ఒక కప్పు గోటితో కొట్టి చూసి, "మా ఆముకి కరెంటు పోవడం తెలీదండి, ఆయ్" అన్నాడు. వాన కురిస్తే ఆయన ఆము గతి కూడా అంతే, కానీ ఆ పూట ఆ మాట అనలేకపోయాను. మేనకోడలు ఫొటో చూసి, "అత్తా, పగుళ్ళకి రాగి తీగ కుట్టెయ్, ఇంకా బాగుంటుంది" అంది. రెండింటికి కుట్టాను. నిజంగానే బాగున్నాయి. కాఫీ మాత్రం కారిపోతుంది.

కంపెనీకి ఫోన్ చేస్తే "అది మార్చుకోవచ్చు మేడమ్, మెనూలో ఉంది" అన్నారు. ఉంది, పుస్తకం చివరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో. అందుకోవడం, మొదటి నుంచి మొదలెట్టడం, ఆగిపోవడం అని మూడు. ఇప్పుడు మొదటి కాల్పుకి "ఆగిపోవడం" పెడతాను, గ్లేజు కాల్పుకి పాతదే.

మళ్ళీ కొంటానా? మా పల్లెలో గాలి వీస్తే కరెంటు ఉండదు, ఇంట్లో ఇన్వర్టరు ఈ బట్టీని మొయ్యలేదు, నాకేమో రాత్రి తప్ప తీరిక లేదు. ఇవేవీ లేని టౌను వాళ్ళకు నా కోపం అర్థం కాకపోవచ్చు. బహుశా ఇదే కొంటాను. కాకపోతే అమ్మేవాణ్ణి ముందే ఒకటి అడుగుతాను: కరెంటు వచ్చాక ఇది ఏ వేడి నుంచి లెక్క మొదలెడుతుంది, పోయేటప్పుడు ఉన్న వేడి నుంచా, వచ్చేటప్పటికి మిగిలిన వేడి నుంచా?