ఇసకపల్లి తీరంలో ఒక కిలోవాట్ గాలిమర: కొనదగినదేనా?

నెల్లూరు జిల్లా అల్లూరు మండలం ఇసకపల్లి దగ్గర మా రొయ్యల గుంటల గట్టు మీద నిలబెట్టిన ఒక కిలోవాట్ గాలిమరను ఎండాకాలం నుంచి ఈశాన్య రుతుపవనాల దాకా నడిపి చూసి ఈ సమీక్ష రాస్తున్నాను. రెండు మీటర్ల వ్యాసం గల మూడు రెక్కల చక్రం, ఇనుప స్తంభం, కంట్రోలర్, బ్యాటరీలు కలిపి అమ్మిన సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు; ఈ పరిమాణంలో ఎవరి యంత్రమైనా ఒకే లెక్కకు లోబడుతుంది.

గాలిలోని శక్తి దాని వేగపు ఘనాన్ని బట్టి ఉంటుంది కనుక, వేగం సగానికి తగ్గితే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఎంత గొప్ప రెక్కలైనా అందులో 59.3 శాతానికి మించి పట్టుకోలేవు, చిన్న యంత్రాలకు 30 శాతం దక్కితే మేలే. పెట్టె మీద అచ్చువేసిన ఒక కిలోవాట్ సెకనుకు 12 మీటర్ల గాలిలో వచ్చేది. మా గట్టు మీద మధ్యాహ్నం దాటాక తిరిగే సముద్రపు గాలి 5 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ వేగానికి ఇదే చక్రం ఇచ్చేది సుమారు 70 వాట్లు. ఎనిమిది గంటలు ఆగకుండా వీచినా అర యూనిట్టుకు కాస్త పైన మాత్రమే. ఒక కిలోవాట్ సౌర ఫలకాలు మన ఎండకు రోజుకు దాదాపు నాలుగు యూనిట్లు ఇస్తాయి.

గుంట నీటిలో గాలి కలిపే రెండు హార్స్‌పవర్ ఎయిరేటర్‌కు ఒకటిన్నర కిలోవాట్ కావాలి. పైగా గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున, సరిగ్గా సముద్రపు గాలి ఆగిపోయిన వేళకు. ఎయిరేటర్లు దీనితో తిరుగుతాయని చెప్పే అమ్మకందారుకు గాలి సంగతో, రొయ్య సంగతో, బహుశా రెండూనో తెలియవనుకోవాలి. కాపలా షెడ్డులో దీపాలు, ఒక చిన్న ఫ్యాను, ఫోన్ల ఛార్జింగు మాత్రం ఇబ్బంది లేకుండా నడిచాయి. పడమటి గాలి రాత్రంతా వీచే ఆషాఢంలో బ్యాటరీ నిండుగానే ఉండేది.

బిగింపు పని శుభ్రంగా చేశారు, కానీ మామూలు ఇనుప బోల్టులు ఉప్పుగాలికి తొందరగానే తుప్పు పట్టాయి, వాటిని మార్చమని పలుమార్లు ఫోను చేయవలసి వచ్చింది. స్తంభం అడుగున మడత బందు ఉండడం దీనిలోని ఉత్తమ గుణం: తుఫాను హెచ్చరిక రాగానే ఇద్దరు మనుషులు తాడుతో నేలకు వాల్చవచ్చు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు జిల్లా పడిన అవస్థ గుర్తున్నవారికి దాని విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇంతమాత్రాన పవన విద్యుత్తునే తక్కువ చేయడం న్యాయం కాదు. నేల నుంచి పైకి పోయే కొద్దీ గాలి వేగం పెరుగుతుంది, రెక్కలు రెట్టింపు పొడవైతే శక్తి నాలుగింతలవుతుంది; అందుకే అనంతపురం, కర్నూలు కొండల మీద భారీ మరలు నిలబడ్డాయి. రాష్ట్రంలో నెలకొల్పిన పవన విద్యుత్ సామర్థ్యం సుమారు 4,000 మెగావాట్లు కాగా, 120 మీటర్ల ఎత్తున సుమారు 75,000 మెగావాట్లకు అవకాశం ఉందని జాతీయ పవన విద్యుత్ సంస్థ అంచనా. ఆ బలం పన్నెండు మీటర్ల స్తంభానికి రాదు.

కరెంటు తీగ చేరని ఉప్పు కొఠార్లలో, సౌర ఫలకాలకు తోడుగా, ముసురు రోజుల కోసం దీన్ని కొనవచ్చు. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు, మడత స్తంభం ఇస్తామని రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు కట్టండి. తీగ ఉన్న గుంటలకైతే ఆ సొమ్ముతో ఫలకాలే వేయించుకోవడం మంచిది.