సాలిస్‌బరీలో ఒక రాత్రి

లండన్ వాటర్లూ నుంచి రైల్లో గంటన్నర. సాలిస్‌బరీలో దిగిన టూరిస్టుల్లో చాలామంది నేరుగా స్టోన్‌హెంజ్‌కి, అంటే వేల ఏళ్ల నాటి రాతిబండల వలయానికి, బస్సెక్కేస్తారు. పోయినసారి మేమూ అదే చేశాం. ఈసారి ఊళ్లో ఒక రాత్రి ఉండి కెథీడ్రల్ చూశాం. రెంటిలో ఒకదానికే టైముంటే కెథీడ్రలే చూడమంటాను.

1220లో మొదలుపెట్టి 1258 కల్లా ప్రధాన కట్టడం ముగించారు. ముప్పై ఎనిమిదేళ్లే పట్టింది కాబట్టి లోపలంతా ఒకే చేతి పనిలా ఉంటుంది. తంటా అంతా తర్వాత పైన పెట్టిన గోపురం, శిఖరాలతోనే. 123 మీటర్ల ఎత్తు, బ్రిటన్‌లో ఇంత పొడవైన చర్చి శిఖరం మరొకటి లేదు. వాటి బరువు దాదాపు 6,500 టన్నులు. పునాది చూస్తే నాలుగడుగులే! సరిగ్గా గోపురం కింద స్తంభానికి ఆనుకుని తలెత్తి చూడండి, రాయి విల్లులా వంగి కనిపిస్తుంది. 1668లో ఆర్కిటెక్ట్ క్రిస్టఫర్ రెన్ కొలిస్తే శిఖరం 75 సెంటీమీటర్ల దాకా ఒరిగి ఉంది. కింద భూగర్భజలం ఎంత పైకుందో చూడ్డానికి గైడు నేలలో చిన్న మూత తీసి కర్ర దించి చూపించాడు, కొస తడిసింది. బావిలో నీళ్లెంతున్నాయో మా తాతయ్య ఇలాగే చూసేవాడు.

టవర్ టూర్‌కి టికెట్ వేరే, ముందే బుక్ చేసుకోండి. 332 మెట్లు, కొన్నిచోట్ల భుజాలు గోడకి రాసుకుంటాయి. పైన శిఖరం లోపల ఆనాటి చెక్క కట్టుబడి ఇంకా ఉంది. మోకాళ్ల నొప్పులని అత్తయ్యగారు కిందే ఉండి గడియారం చూశారు. 1386 నాటిదంటారు, దానికి ముల్లులూ లేవు, అంకెలూ లేవు, గంట కొట్టడానికే చేశారు. "మరి నిద్రపోతే టైమెలా తెలుస్తుందే?" అన్నారావిడ.

ఇంగ్లండ్ రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి ఒప్పంద పత్రం, మాగ్నా కార్టా ప్రతి కూడా ఇక్కడుంది. మిగిలిన నాలుగింటిలో ఇదొకటి. అక్షరాలు చీమలబారులా ఉంటాయి, లాటిన్ రాకపోతే రెండు నిమిషాలు చాలు.

బస మాత్రం నిరాశే. 'కెథీడ్రల్ వ్యూ' అని ఎక్కువ తీసుకున్నారు. బాత్రూం కిటికీలోంచి మెడ బయటపెడితే శిఖరం కొస కనిపించింది. టిఫిన్లో పుట్టగొడుగులు, బీన్స్, టోస్టు ఉన్నాయి కాబట్టి శాకాహారులకి ఇబ్బంది లేదు. శిఖరం చూస్తూ కూర్చోవాలంటే కెథీడ్రల్ క్యాంటీన్‌కి వెళ్లండి. పైకప్పు అద్దంది, ఒక టీ కొనుక్కుంటే చాలు, శిఖరం మొత్తం నెత్తి మీదే ఉంటుంది.