సంచార్ సాథీ యాప్: కాల్స్ ఆపదు, అయినా ఫోన్లోంచి తీసేయలేదు

ముందే చెప్పేస్తున్నా, ఈ యాప్ వేసుకుంటే స్పామ్ కాల్స్ ఆగిపోతాయని ఎవరైనా అంటే నమ్మకండి. దాని పని అది కాదు. పర్సనల్ లోన్ కావాలా సార్, ఓపెన్ ప్లాట్ చూస్తారా మేడం బాపతు గోలకి మందు 1909. ఇంగ్లిష్‌లో స్టార్ట్ అని కొట్టి, ఖాళీ వదిలి 0 పెట్టి ఆ నంబర్‌కి మెసేజ్ పంపితే డీఎన్‌డీ, అంటే ప్రచార కాల్స్ వద్దనే సెట్టింగ్, పడుతుంది. అయినా మామూలు పది అంకెల నంబర్ల నుంచి చేసేవాళ్లు చేస్తూనే ఉంటారనుకోండి, అది వేరే ఏడుపు.

టెలికాం శాఖ 2025 జనవరిలో తెచ్చిన ఈ యాప్‌లో నాకు బాగా నచ్చింది మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూపించే భాగం. జిరాక్స్ షాపులో, సిమ్‌లమ్మే గొడుగు కింద, లాడ్జిలో, అడిగిన ప్రతిచోటా ఆధార్ కాపీ ఇచ్చేసే జనం మనం. అందులో ఏదో ఒక కాపీతో ఇంకెవడో సిమ్ తీసుకుని మోసాలు చేస్తే పోలీసులు ముందు వచ్చేది మన గుమ్మానికే. జాబితాలో తెలియని నంబర్ కనిపిస్తే నాది కాదు అని అక్కడే నొక్కేయొచ్చు. ఈ ఒక్క దానికోసమైనా వేసుకోవచ్చు.

రెండోది చక్షు. కేవైసీ ఆగిపోయింది, మీ పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, సీబీఐ నుంచి మాట్లాడుతున్నాం అంటూ వచ్చే కాల్స్‌ని, మెసేజ్‌లని, వాట్సాప్‌వి కూడా ఇందులో రిపోర్ట్ చేయాలి. రిపోర్ట్ చేశాక మన ఫోన్ మోగడం తగ్గుతుందని ఆశపడొద్దు, ఆ నంబర్ మీద విచారణ జరగడానికి పనికొస్తుంది, అంతే. డబ్బు పోయాక మాత్రం ఇక్కడ ఫారం నింపుతూ కూర్చోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లో వేసిచ్చేస్తే సరిపోతుందని కూడా అనుకోవద్దు. వీడియో కాల్‌లోనే అరెస్ట్ చేశామని బెదిరించే డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలోనే లేదని, అందులో ఖాకీ చొక్కా కనిపించినా కట్ చేసేయమని, నంబర్ ఆపేస్తాం తొమ్మిది నొక్కండి అని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఎవరికీ ఫోన్ చేయదని కూర్చోబెట్టి చెప్పాల్సింది మనమే.

నచ్చనిది పర్మిషన్ల సంగతి. ఆండ్రాయిడ్‌లో కాల్ లాగ్, ఎస్ఎంఎస్‌లు కూడా అడుగుతుంది. సర్కారు యాప్‌కి అవన్నీ ఎందుకివ్వాలి అనిపించడం తప్పేమీ కాదు. 2025 చివర్లో కొత్త ఫోన్లన్నిట్లో ఇది ముందే ఉండి తీరాలని ఆర్డర్ వేసి, గొడవ లేచేసరికి కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు కూడా. అంత టెన్షన్ ఉంటే యాప్ మానేసి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఓటీపీతో లాగిన్ అవ్వండి, సిమ్‌ల జాబితా, చక్షు రెండూ అక్కడా ఉన్నాయి. నా రేటింగ్ ఐదుకి మూడున్నర, అందులో రెండు సిమ్‌ల జాబితాకే.