లూయిస్–క్లార్క్ నడకకి గుడారం కొంటున్నారా? ముందు ఒక దారప్పోగు కాల్చి చూడండి

1804లో అమెరికా పడమటి తీరానికి దారి వెతుకుతూ మిస్సోరీ నది వెంట బయల్దేరిన లూయిస్, క్లార్క్‌ల యాత్ర తరహాలో జరిగే నడకకి మనవాళ్ళెవరైనా పేరిచ్చి ఉంటే, సామాన్లు కొనేముందు ఇది చదవండి. గుడారం విషయంలో నేను మోసపోయాను. డబ్బు సంగతి తర్వాత, మా పాపకి ఒళ్ళు కాలేది.

1804లో వాళ్ళ దగ్గర లేనిది మన దగ్గరా ఉండకూడదన్నది అక్కడి నియమం. అందుకని "అసలైన లినెన్, అవిసె నూనె పట్టించినది" అని రాసి ఉంటే నమ్మి, ఆన్‌లైన్‌లో 420 డాలర్లు పెట్టి తెప్పించాను. విప్పితే నూనె వాసనే లేదు, కొత్త రెయిన్‌కోటు వాసన కొట్టింది. అప్పుడే తిప్పి పంపేయాల్సింది.

మొదటి రాత్రే నెగడు లోంచి రవ్వ ఎగిరి గుడారం మీద పడింది. బట్ట కరిగి, చుక్క మా పాప దుప్పటి మీద కారింది. దుప్పటి మందంగా ఉంది కాబట్టి సరిపోయింది. నూనె పట్టిన లినెన్ కూడా అంటుకుంటుంది, మంటకి దూరంగానే వేయాలి. కానీ అది ఇలా కరిగి ఒంటికి అతుక్కోదు.

పొద్దున్నే కుట్టు దగ్గర బట్టలోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో వెలిగించాను. ముడుచుకుపోయి, చివర నల్లటి గట్టి పూసలా తయారైంది. పాలిస్టరే! లినెన్ అయితే కాగితంలా కాలి బూడిదవుతుంది. గుడారం చేతికి రాగానే ఈ పరీక్ష ఆరుబయట చేయండి.

లూయిస్ 1803లో ఫిలడెల్ఫియాలో సామాన్లు సమకూర్చుకున్నప్పుడు తుపాకి మందుని 52 సీసపు డబ్బాల్లో పోయించాడు. మందు అయిపోతే ఆ సీసాన్నే కరిగించి తుపాకి గుండ్లు పోసుకోవచ్చని. అంత ఆలోచించి కొన్నాడాయన. నేను ఫొటోలు, రివ్యూలు చూసి కొన్నాను.

బూట్లూ ఆ గుడారం అమ్మినవాళ్ళ దగ్గరే తీసుకున్నాను. అడుగు కుట్టలేదు, జిగురుతో అంటించారు. రెండో రోజు తడికి ఊడిపోయింది.

మామూలు లినెన్ కొని ఇంట్లోనే నూనె పట్టిద్దామనుకునేవాళ్ళకి ఒక మాట: నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. బయట విడివిడిగా ఆరేయండి.

వాడేశారు కాబట్టి రిఫండ్ లేదన్నాడు సెల్లర్. నేను ఫిర్యాదు చేశాక ప్రకటనలో "లినెన్" తీసేసి "లినెన్ లుక్" అని మార్చాడు. పాత స్క్రీన్‌షాట్ నా దగ్గరుంది. దాంతోనే కార్డువాళ్ళ దగ్గర డిస్ప్యూట్ వేశాను, ఇంకా తేలలేదు.