రెండేళ్లు దాటిన నా ఫుల్ ఫేస్ హెల్మెట్: నక్కలగుట్ట నుంచి ఆత్మకూరు దాకా

2023 జూన్‌లో, బడులు తెరిచే ముందు ఆదివారం నాడు, హనుమకొండలో ఈ హెల్మెట్ కొన్నాను. ధర 1,850 రూపాయలు. ఫుల్ ఫేస్, బూడిద రంగు, మీడియం సైజు. మా సందు చివరి కిరాణా కొట్టులో కాంటా మీద పెడితే 1 కిలో 340 గ్రాములు తూగింది. నేను ప్రభుత్వ బడిలో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఇల్లు నక్కలగుట్ట దిక్కు, బడి ఆత్మకూరు మండలంలో. ములుగు రోడ్డు మీద స్కూటీతో పోను రాను రోజుకు 50 కిలోమీటర్లు. అంటే ఈ హెల్మెట్ నా నెత్తి మీద 20 వేల కిలోమీటర్లకు పైనే తిరిగింది. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే గుణాలు ఏ కంపెనీ దాంట్లో ఉన్నా తీసుకోవచ్చు, లేకపోతే ఎంత పేరున్నదైనా వదిలేయొచ్చు.

హెల్మెట్ అనగానే అందరూ అడిగేది, కింద పడితే తలకాయ పగలకుండా ఆపుతుందా అని. అడగాల్సిందే. కానీ ఈ రెండేళ్లలో నా హెల్మెట్ ఒక్కసారి కూడా నేలకు తగలలేదు. అయినా నన్ను మూడు నాలుగు సార్లు కాపాడింది. కాపాడింది దాని గట్టిదనం కాదు, దాంట్లోంచి నాకు కనబడిన రోడ్డు. ఆ సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను రాస్తున్నా.

అంతకుముందు నాకున్నది సగం హెల్మెట్. స్కూటీ కొన్నప్పుడు బండితో పాటు వచ్చింది. సైజు ఎవరూ అడగలేదు, నేనూ చూసుకోలేదు. నాకు జుట్టు ఒత్తు. ముడి వేసి క్లిప్పు పెడితే అది వెనక నుంచి హెల్మెట్‌ను పైకి నెట్టేది, ముందు అంచు కనుబొమ్మల మీదికి దిగేది. ఎడమ చేత్తో దాన్ని పైకి తోసుకుంటూ ఎన్నాళ్లు నడిపానో. మా స్టాఫ్ రూంలో టీచర్లందరిదీ ఇదే బాధ.

2023 ఏప్రిల్‌లో, ఒంటిపూట బడుల రోజులవి. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. నక్కలగుట్టలో రోడ్డు పక్కన ఒక తెల్ల కారు ఆగి ఉంది. నేను 40 వేగంలో ఉన్నా. నాలుగు కార్ల దూరం ఉందనగా దాని డ్రైవర్ డోరు కొంచెం కదిలింది, మరుక్షణం బార్లా తెరుచుకుంది. 40 వేగమంటే సెకనుకు 11 మీటర్లు. చూసి, తెలుసుకుని, వేళ్లు బ్రేకు మీద బిగిసేలోపే దగ్గరదగ్గర ఒక సెకను అయిపోతుంది. కుడికి తిప్పాలి. అద్దంలో చూస్తే బస్సు దూరంగా ఉంది. ఎందుకైనా మంచిదని మెడ తిప్పా. తల తిరిగింది, హెల్మెట్ తిరగలేదు. కుడి కన్నుకు అడ్డంగా హెల్మెట్ లోపలి నల్ల గుడ్డ వచ్చింది. ఒక చోట కుట్టు ఊడి దారం వేలాడుతోంది. ఆ దారం నాకు ఇప్పటికీ యాదికుంది, ఎందుకంటే ఆ క్షణంలో రోడ్డు మొత్తం మీద నాకు కనబడింది అదొక్కటే.

బస్సు హారన్ నా చెవిలోనే మోగినట్టయింది. ఆ డ్రైవరన్న బ్రేకు కొట్టబట్టి సరిపోయింది. కాళ్లు వణుకుతుంటే బండిని పక్కకు తీసి నిలబెట్టా. కారు దిగినాయన చెవి దగ్గర ఫోన్ అట్లాగే ఉంది. "చూస్కోలే మేడం" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

బస్సు అద్దంలో దూరంగా కనబడడంలో వింతేమీ లేదు. పదో తరగతిలో ఏటా నేను చెప్పే పాఠమే. కుంభాకార దర్పణం ఎక్కువ మేర చూపిస్తుంది, కానీ ప్రతిబింబాన్ని చిన్నది చేస్తుంది. చిన్నగా కనబడిన బస్సు మన మనసుకు దూరంగా ఉన్నట్టు తోస్తుంది. అందుకే అద్దం చూశాక తల కూడా తిప్పి చూడాలి. తల తిప్పినప్పుడు హెల్మెట్ తలతో పాటు తిరగాలి. నేను కొత్తది కొనేటప్పుడు పట్టుకున్న మొదటి లెక్క ఇదే.

మొదట పోయిన షాపులో ఒకటే పాట: "జర లూజు తీస్కోండి మేడం, గాలాడుతది." పైగా రాత్రిపూట కూడా పనికొస్తుందని నల్ల వైజర్, అంటే ముఖం ముందుండే ప్లాస్టిక్ అద్దం, అంటగట్టబోయారు. బయటికొచ్చేశా. రెండో షాపులో ఒక పెద్దాయన టైలర్ టేపు తీసి, కనుబొమ్మలకు వేలెడు పైనుంచి తల చుట్టూ కొలిచాడు. 57 సెంటీమీటర్లు వచ్చింది. లోపల 580 (మిల్లీమీటర్లు) అని రాసి ఉన్న మీడియం ఇచ్చాడు. పెట్టుకుంటే బుగ్గలు లోపలికి నొక్కుకుపోయి, మాట్లాడితే పళ్ల మధ్య బుగ్గ పడేంత బిగుతు. పెద్ద సైజు అడిగితే ఇవ్వలేదు. "నెల రోజులు తొడుగమ్మా, మెత్తలు నీ ముఖానికి కూసుంటయి" అన్నాడు. తర్వాత హెల్మెట్‌ను తనే రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. హెల్మెట్‌తో పాటు నా బుగ్గల చర్మం కూడా కదిలింది. అట్లా కదలాలంట. నెల కాదు, మూడు వారాలకే బాధ పోయింది. ఇప్పుడు తల ఎటు తిరిగితే హెల్మెట్ అటు తిరుగుతుంది. ముడి మానేసి మెడ మీద వదులుగా జడ వేసుకుంటున్నా, క్లిప్పు బ్యాగులో పెట్టుకుని బడిలో పెట్టుకుంటున్నా. పెద్ద బుట్టకమ్మలు కూడా ఇంట్లోనే.

"ఫుల్ ఫేస్ పెడితే పక్కలు కనబడవు" అని చాలామంది అంటారు. నాకూ ఆ అనుమానం ఉండేది, అందుకే బడిలో పరీక్షించా. నల్లబల్లకు వాడే పెద్ద కోణమానినిని బల్ల మీద పెట్టి, నేను మధ్యలో కూర్చుని నేరుగా ముందుకు చూస్తుంటే, తొమ్మిదో తరగతి పిల్లలిద్దరు చెరో పక్క నుంచి చాక్‌పీసు పట్టుకుని వెనక నుంచి ముందుకు మెల్లగా నడిచారు. కనబడగానే నేను "ఆగు" అనాలి. హెల్మెట్ లేకుండా ఒకసారి, పాతదానితో ఒకసారి, దీనితో ఒకసారి. పక్కలకు ఈ హెల్మెట్‌తో తగ్గింది చాలా కొంచెం, ఒక్కో పక్క నాలుగైదు డిగ్రీలు. పాతది సరిగ్గా కూర్చోబెట్టుకుంటే అసలు తగ్గలేదు కానీ, బండి నడుపుతుంటే అది సరిగ్గా కూర్చోదు గదా. అసలు తగ్గుదల కింది వైపు ఉంది. గదవ దగ్గరి కడ్డీ అడ్డం వచ్చి స్పీడోమీటర్ కనబడదు, తల వంచాలి. ముందు చక్రం దగ్గరి గుంత కనబడదు, దూరం నుంచే చూసిపెట్టుకోవాలి. వాడబోయేవాళ్లు ఇది తెలుసుకునే కొనాలి. మొదటి వారం నాకు ఇబ్బందే అయింది.

పక్కచూపు ఎందుకంత ముఖ్యమో ఆటోల వెనక బండి నడిపినవాళ్లకు తెలుసు. ములుగు రోడ్డు చౌరస్తాలో ఆటో ఎప్పుడు ఆగుతుందో దాని లైటు చెప్పదు, రోడ్డు పక్కన చెయ్యెత్తిన మనిషి చెప్తాడు. ఎడమ పక్క సంచి పట్టుకున్న ఒక ముసలవ్వ చెయ్యి లేస్తే, ముందున్న ఆటో మూడు సెకన్లలో ఉన్నచోటనే ఆగుతుందని లెక్క. ఆ చెయ్యి నాకు కంటి కొసన కనబడాలి. కనబడుతోంది.

వైజర్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా మేడారం జాతర. దానికి వారం ముందు నుంచే ములుగు రోడ్డు మీద బండ్లు వరుస కట్టాయి. రాత్రంతా నిద్ర లేకుండా నడిపేవాళ్లు ఉంటారు, వాళ్ల కండ్లు చూస్తేనే తెలుస్తుంది. ఒక పొద్దున ఎదురుగా ఒక కారు బస్సును దాటబోయి సరాసరి నా మీదికే వచ్చింది. నేను రోడ్డు దిగి పక్కనున్న మొరంలోకి పోయా. అది పక్కనుంచి దూసుకుపోయినప్పుడు లేచిన కంకర ముక్క ఒకటి టప్పున ఎడమ కన్ను ముందే తగిలింది. వైజర్ మీద ఆవగింజంత గుంట పడింది. పాత హెల్మెట్ అయితే అది తగిలేది కంటికే. బండి మొరంలో జారుతున్నప్పుడు రెండు కండ్లు తెరిచి ఉండబట్టే నేను పడలేదు.

ఆ గుంట వల్ల నష్టం లేదు. నష్టం నేను చేసుకున్నదే. దుమ్ము పడ్డప్పుడల్లా చున్నీ కొసతో పొడిగా తుడిచేదాన్ని. వైజర్ పాలీకార్బనేట్. దాని మీది ఇసుకను పొడిగుడ్డతో రుద్దితే గరుకు కాగితం పెట్టినట్టే. పగలు ఏమీ తెలియలేదు. నవంబర్‌లో పదో తరగతికి స్పెషల్ క్లాసులు పెట్టాక, దీపాలు పెట్టే వేళకు ఇంటికి వస్తుంటే తెలిసింది. దామెర దాటాక ఎదురుగా కారు, హైబీం. ఆ వెలుగు గీతల మీద పడి వైజర్ అంతా పాలు పోసినట్టు తెల్లబడింది. కారు పోయింది. తెలుపు విడిపోయేసరికి నా ముందు ఇంత దూరంలో పత్తి బస్తాల ట్రాక్టర్ ట్రాలీ. వెనక ఎర్ర దీపం లేదు, కనీసం రేడియం స్టిక్కర్ కూడా లేదు. రెండు బ్రేకులూ పట్టా. చక్రం బస్తా దగ్గరికి వచ్చి ఆగింది, గోనె వాసన తగిలింది.

లైటు లేని ట్రాలీది తప్పే, హైబీం దించని కారుది తప్పే. అయితే వాళ్లను నేను మార్చలేను, వైజర్ మార్చగలను. మరుసటి రోజే 280 పెట్టి రంగు లేని కొత్త వైజర్ వేయించా. ఇప్పుడు తుడవను, కడుగుతా. తడిగుడ్డ కాసేపు పరిచి దుమ్ము నానబెట్టి, నీళ్లలో రెండు చుక్కల షాంపూ వేసి చేత్తో కడిగి, మెత్తటి పాత పంచె ముక్కతో అద్దుతా. పెట్రోలు, థిన్నర్ దగ్గరికి రానివ్వొద్దు, ప్లాస్టిక్ పాడవుతుంది. ఏడాదికోసారి వైజర్ ఖర్చు అనుకునే హెల్మెట్ కొనండి. కొనేముందు ఆ మోడల్‌కు విడి వైజర్ దొరుకుతుందో లేదో అడగండి. దొరకకపోతే వద్దు.

బాగాలేనివి కూడా ఉన్నాయి. చలికాలం పొద్దున పొలాల మీద మంచు ఉన్నప్పుడు వైజర్‌కూ నా కళ్లజోడుకూ రెండింటికీ ఆవిరి పడుతుంది. పైన గాలి రంధ్రాలు పేరుకే. వైజర్‌ను ఒక మెట్టు పైకి లేపి నడపాలి, చలిగాలి కండ్లలోకి కొడుతుంది. కళ్లజోడు ముందు పెట్టుకుంటే లోపలికి పట్టదు. హెల్మెట్ తొడిగాకే కాడలు లోపలికి దూర్చాలి. మే నెలలో మన దిక్కు ఎండకు లోపల కుండలో తల పెట్టినట్టుంటుంది, పలుచటి నూలు గుడ్డ కట్టుకుని తొడుగుతున్నా. లోపలి మెత్తలు ఊడదీసి ఉతుక్కోవచ్చు, అది మేలు. 60 దాటితే గాలి హోరు ఉంది. వెనక హారన్ వినబడదేమో అనుకున్నా కానీ వినబడుతోంది. భూపాలపల్లి బొగ్గు లారీలు, ఏటూరునాగారం దిక్కు నుంచి ఇసుక లారీలు గూడెప్పాడ్ నుంచి ఒకే రోడ్డు ఎక్కుతాయి కాబట్టి నాకు అది పెద్ద భయంగా ఉండేది.

గట్టిదనం సంగతి. వెనక ఐఎస్ఐ గుర్తు, పైన హెల్మెట్ల ప్రమాణం నంబరు ఐఎస్ 4151, కింద సీఎం/ఎల్ అనే లైసెన్సు నంబరు ఉన్నాయి. ఆ లైసెన్సు నంబరును ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో వచ్చింది, కంపెనీ పేరు సరిపోయింది. రోడ్డు మీద 300కు అమ్మేవాటి స్టిక్కర్లు కూడా ఇట్లాగే చెక్ చేయండి. లోపల ఉన్న థర్మకోల్ లాంటి పొరే అసలు పనిచేసేది. గుడ్డును బండ మీద వదిలితే పగులుతుంది, దూది మీద వదిలితే పగలదు. ద్రవ్యవేగం తగ్గడానికి పట్టే సమయం పెరిగితే బలం తగ్గుతుంది. ఆ పొర ఒకసారి అణిగితే మళ్లీ లేవదు, పై డొప్ప బాగున్నా హెల్మెట్ అయిపోయినట్టే. అందుకే దీన్ని నేను బండి అద్దానికి తగిలించను, స్టాఫ్ రూంలో కుర్చీ కింద పెడతా. పట్టీ టక్కున బిగిసే రకం, గదవ కింద రెండు వేళ్లు పట్టేంత ఉంచుతా. పట్టీ పెట్టకుండా తొడిగితే ఈ 1,850 రూపాయలు రోడ్డు మీద పారేసినట్టే. మా టీచర్లలో కొందరు "ఆడవాళ్లకు హెల్మెట్ అక్కర్లేదు" అనుకుంటారు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్‌లో అట్లాంటి మినహాయింపు లేదు, వెనక కూర్చునేవాళ్లకు కూడా కావాలి. 194డి ప్రకారం 1,000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు పోతుంది.

ఐదుకు నాలుగు ఇస్తా. తగ్గించిన ఒకటి ఆవిరికి, పని చేయని గాలి రంధ్రాలకు.

పోయిన శనివారం మళ్లీ నక్కలగుట్టలోనే, రోడ్డు పక్కన ఆగిన ఒక ఎర్ర కారు. వెనక అద్దంలోంచి డ్రైవర్ సీట్లో తల పక్కకు వంగడం కనబడింది. వెంటనే వేగం తగ్గించి, మెడ తిప్పి కుడి భుజం మీదుగా చూశా. పూర్తిగా కనబడింది: హన్మకొండ డిపో బస్సు, దాని ముందు స్కూటర్ మీద ఇద్దరు పిల్లలు. కుడికి పోలేను. కారు వెనకనే ఆగిపోయా. డోరు తెరుచుకుంది, బస్సు పోయింది. కారులోంచి దిగిన పిల్ల డిగ్రీ చదివే వయసుది. నన్ను చూసి డోరు పట్టుకుని అట్లాగే నిలబడి "సారీ అక్కా, చూడలేదక్కా" అంది. "దిగేముందు అద్దం చూడు బిడ్డా" అని వచ్చేశా.

మా అమ్మాయికి ఈ ఏడు లైసెన్సు వచ్చింది. ఇంట్లో టేపు పెట్టి కొలిస్తే దాని తల 55 సెంటీమీటర్లు. ఇదే మోడల్‌లో చిన్న సైజు, 560, ఆ పెద్దాయన షాపులో అయిపోయింది. మంగళవారం స్టాకు వస్తుందన్నాడు. అప్పటిదాకా స్కూటీ తాళం నా దగ్గరే ఉంది.