పాయింటుకు యాభై పైసలు: ఏడేళ్ల వాడకం తర్వాత నెల్లూరు నుంచి

మా ఇంట్లో ఒక మిక్సీ ఉంది. దాని ఖరీదు 9,000 క్రెడిట్ కార్డు పాయింట్లు. 2019లో, కార్డు చేతికొచ్చి ఏడాది నిండీ నిండకముందే, బ్యాంకు కేటలాగులో చూసి ఉచితంగా వస్తోంది కదా అని తెప్పించాను. నెల తిరక్కముందే ట్రంకు రోడ్డులో ఒక షాపు అద్దంలో అదే మిక్సీ 2,750 రూపాయలకు కనపడింది. ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెప్పే బతుకు కాబట్టి భాగహారం అక్కడే మనసులో జరిగిపోయింది. పాయింటుకు ముప్పై పైసలు. మిక్సీ మాత్రం ఇప్పటికీ బాగానే తిరుగుతోంది. పల్లీల పచ్చడి చేసినప్పుడల్లా మా ఆవిడ "ఏమండీ, మీ ఉచితం మిక్సీ మూత ఎక్కడ పెట్టారు?" అని అడుగుతుంది. ఆ "ఉచితం" అనే మాట మీద కాస్త ఒత్తు ఎక్కువ పడుతుంది.

కార్డు పేరు చెప్పను. ఒక ప్రైవేటు బ్యాంకుది, మరీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు. 150 రూపాయలు ఖర్చు పెడితే 4 పాయింట్లు. ఏడాది ఫీజు 2,500, దాని మీద జీఎస్టీ. ఏడాదిలో 4 లక్షలు వాడితే ఆ ఫీజు మాఫీ. నెలకు నలభై వేల దాకా కార్డు మీదే నడిపిస్తాను: సరుకులు, కరెంటు బిల్లు, అమ్మ మందులు, మావాడి కాలేజీ ఫీజులో ఒక వాయిదా. పెట్రోలుకి, ఇంటద్దెకి, వాలెట్లలో డబ్బు వేసుకోవడానికి పాయింట్లు రావు. అవన్నీ పోను ఏడాదికి పదకొండు, పన్నెండు వేల పాయింట్లు పోగవుతాయి. రెండేళ్లలో వాడుకోకపోతే మురిగిపోతాయి.

ఇక అసలు సంగతి. అదే పాయింటు ఏ తలుపులోంచి బయటికొస్తే ఆ ధర. బిల్లులో తగ్గించమంటే 20 పైసలు. గిఫ్టు వోచర్లు తీసుకుంటే 35. బ్యాంకు సొంత పోర్టల్లో విమానం టికెట్టో హోటలో బుక్ చేస్తే 50. ఎయిర్‌లైన్ మైల్స్‌గా మార్చుకుంటే రెండు పాయింట్లకు ఒక మైలు; మైల్స్ అంటే విమాన కంపెనీ సొంత పాయింట్లు, వాటితో దాని టికెట్లు కొనుక్కోవచ్చు. మా లెక్కలో చెప్పాలంటే ఇంటర్‌లో పాస్ మార్కు 35. అంటే వోచర్లు గట్టెక్కాయి, మిక్సీ, బిల్లు తగ్గింపు రెండూ ఫెయిలు. మళ్లీ ప్రతి వాడకానికీ 99 రూపాయల ఫీజు, జీఎస్టీతో కలిపి 116 రూపాయల 82 పైసలు. రెండు వేలు, మూడు వేల పాయింట్లు ముక్కలు ముక్కలుగా వాడేవాళ్లను ఈ ఫీజు ఒక్కటే మింగేస్తుంది.

యాభై పైసలని రాసి ఉన్నంత మాత్రాన యాభై పైసలు చేతికి రావు. ఇది తెలియడానికి నాకు 2022 దాకా పట్టింది. ఆ ఏడాది మే నెలలో చెన్నై నుంచి ఢిల్లీ వెళ్లి, అక్కణ్ణించి హరిద్వారం పోదామనుకున్నాం. ఒక టికెట్టు డబ్బుతో, ఒకటి పాయింట్లతో. ఆవిడ ఫోనులో రేట్లు చదువుతోంది, నేను దిద్దుతున్న పేపర్ల కట్ట పక్కన పెట్టి ఒక చిత్తుకాగితం మీద రాసుకుంటున్నా. ఎయిర్‌లైన్ సొంత సైట్లో 6,200. బ్యాంకు పోర్టల్లో అదే విమానం, అదే గంట, 6,650. అంటే 13,300 పాయింట్లు పోసి నేను మిగిల్చుకునేది 6,200 మాత్రమే. అందులోంచి 117 ఫీజు తీసెయ్యండి. పాయింటుకు 45.7 పైసలు.

అప్పట్నుంచి ఒకే సూత్రం పట్టుకున్నా. పాయింట్లు లేకపోతే నా జేబులోంచి ఎంత పోయేదో అది రాసుకోవాలి. పాయింట్లు వాడాక కూడా కట్టాల్సిన పన్నులూ ఫీజులూ అందులోంచి తీసెయ్యాలి. మిగిలిందాన్ని పాయింట్ల సంఖ్యతో భాగించాలి. ఇక్కడ "నా జేబులోంచి" అన్నదే ముఖ్యం. కార్డుల గురించి మాట్లాడే కుర్రాళ్లు లక్షా ఇరవై వేల బిజినెస్ క్లాసు టికెట్టును మైల్స్‌తో కొని, పాయింటుకు మూడు రూపాయలు లాగామని చెప్తుంటారు. ఆ లక్షా ఇరవై వేలు వాళ్లు ఎప్పటికైనా డబ్బు కట్టి కొనేవాళ్లా? నేనైతే కొనను. నేను కొనేది పాతిక వేల ఎకానమీ సీటు. భాగించాల్సింది ఆ పాతిక వేలనే.

నెల్లూరు వాళ్లకి ఇంకో తీసివేత కూడా ఉంది, అది హైదరాబాదు, చెన్నై వాళ్లకి తెలీదు. మనకి ఊళ్లో విమానాశ్రయం లేదు. రేణిగుంటకు పోవాలి, లేదంటే చెన్నై మీనంబాక్కం పోవాలి. ఆ ఢిల్లీ ప్రయాణానికి తెల్లవారుజామున 6.10 విమానం మధ్యాహ్నం దానికంటే మనిషికి 900 తక్కువని అది తీసుకున్నా. ఇద్దరికీ కలిపి 1,800 మిగిలింది. ఆ టైముకి అందుకోవాలంటే రాత్రి పన్నెండున్నరకి టాక్సీలో బయల్దేరాలి. వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట, ఇట్టా టోల్‌గేటు వచ్చిన ప్రతిసారీ ఆవిడ నిద్రలేచి నా మొహం చూసేది. టాక్సీకి 4,800. మధ్యాహ్నం విమానమైతే పొద్దున్నే రైలెక్కి సెంట్రల్లో దిగి, అక్కడే కింద మెట్రో ఎక్కితే నేరుగా ఎయిర్‌పోర్టులోనే దించుతుంది, ఇద్దరికీ కలిపి ఐదొందలు కూడా కాదు. ఇప్పుడు చెన్నైలో పొద్దున పదకొండుకి ముందు లేచే విమానం ఎంత చవగ్గా కనపడినా నాకు వద్దు. పాయింట్లతో వచ్చినా వద్దు.

ఏడేళ్లలో నాకు నిండుగా గిట్టుబాటైంది ఒకే ఒక్కసారి. విహారయాత్రకి కాదు, ఆస్పత్రికి. 2023 అక్టోబర్‌లో అమ్మకి కంటి ఆపరేషను నుంగంబాక్కంలో. మన జిల్లాలో పెద్ద జబ్బంటే చెన్నై రైలే కదా. ఆపరేషను ముందురోజు, మర్నాడు, రెండు రాత్రులు ఆస్పత్రికి నడిచిపోయేంత దూరంలో గది కావాలి. లాడ్జీలు చూశాం, లిఫ్టు లేదు, మెట్లు ఎత్తు. లిఫ్టూ వెస్టర్న్ టాయిలెట్టూ రెండూ ఉన్న హోటలు రాత్రికి 5,200 అంది. ఫోన్ చేసి అడిగితే అదే ధర, పోర్టల్లోనూ అదే ధర. 20,800 పాయింట్లు కట్టేశా. ఫీజు పోను పాయింటుకు 49.4 పైసలు. విమానాల్లో పోర్టల్ రేటు పెంచి చూపిస్తుంది గానీ హోటళ్లలో ఒక్కోసారి సమానంగా, ఒక్కోసారి తక్కువగా కూడా దొరుకుతుంది. అందుకే నేను ఏది బుక్ చేసినా ముందు హోటలు రిసెప్షనుకి ఫోన్ చేసి, "నేరుగా వస్తే ఎంతకిస్తారు, టిఫినుతో ఎంత?" అని అడుగుతా. అమ్మ కంటికి కట్టుతో మంచమ్మీద పడుకుని "ఈ గదికి ఎంతరా?" అంది. "డబ్బులేం లేదమ్మా, కార్డు పాయింట్లు" అన్నా. "అట్టా ఎవరిస్తారు నాయనా ఊరికే" అంది. ఆమె అడిగింది సబబే. అంతకు ముందు రెండేళ్లు నేను కొన్న ప్రతి కందిపప్పు పొట్లంలోనూ ఆ గది అద్దె ఉంది.

మైల్స్ సంగతి. మా బావమరిది సింగపూర్‌లో ఉంటాడు. మొన్న సంక్రాంతికి ముందు వాడి మైల్స్‌తో వాళ్లక్కకి టికెట్టు తీశాడు. ఆ ఎయిర్‌లైన్‌లో సేవర్ టికెట్లకి, అంటే తక్కువ మైల్స్‌తో వచ్చే రకానికి, పట్టిక ప్రకారం మైల్స్ ఇంతే అని ఉంటుంది. పండక్కి డబ్బు టికెట్టు రెట్టింపైనా పట్టికలో అంకె కదలదు. పన్నులు మాత్రం డబ్బుగా కట్టాలి. వాడు చూపించిన లెక్క ప్రకారం సంక్రాంతి సీజన్లో మైలుకి రూపాయి పది పైసలు పడింది. జూలైలో అదే ప్రయాణమైతే అరవై పైసలు. "బావా, మీ పాయింట్లు కూడా మైల్స్‌గా మార్చి పెట్టుకోండి, పండగలకి పనికొస్తాయి" అన్నాడు.

రెండు పాయింట్లకి ఒక మైలని మర్చిపోకండి. మైలు రూపాయి పది పైసలంటే నా పాయింటు 55 పైసలు. అదీ పండగ రోజుల్లో, అదీ సీటుంటే. పోర్టల్లో కష్టపడకుండా వచ్చేదానికంటే ఐదు పైసలు ఎక్కువ. ఆ ఐదు పైసల కోసం 6,000 పాయింట్లు మార్చి 3,000 మైల్స్ చేశా, రుచి చూద్దామని. నాకు సీటు అడిగితే ఆ విమానంలో సేవర్ సీటు ఒక్కటే తెరిచి ఉంది, అది అప్పటికే ఆవిడకి అయిపోయింది. నాది వెయిటింగులో పెట్టారు. నెల్లాళ్లు చూసి, చివరికి వేరే విమానంలో డబ్బు కట్టి కొన్నా. ఆమె ఒక విమానంలో, నేను మూడు గంటల వెనక ఇంకో విమానంలో. 3,000 మైల్స్ ఇంకా ఆ ఖాతాలోనే పడున్నాయి. వాటిని వెనక్కి పాయింట్లుగా మార్చుకోలేం, వాటితో టికెట్టూ రాదు. వాటి గడువు మూడేళ్లు. సీటు కళ్లతో చూశాక మార్చాలి గానీ మార్చి సీటు కోసం చూడకూడదని నాకు చెప్పినవాళ్లు లేరు.

హోటల్ గ్రూపుల పాయింట్లలో ఒక మంచి వాటం ఉంది, నాలాంటి వాడికి అందదు గానీ చెప్తా. మారియట్ వాళ్ల పథకంలో పాయింట్లతో వరసగా ఐదు రాత్రులు తీసుకుంటే నాలుగు రాత్రుల పాయింట్లే తీసుకుంటారు. ఐదు రాత్రులు ఒకే ఊళ్లో ఉండే తీరికా, అన్ని పాయింట్లూ ఉన్నవాళ్లు చూసుకోండి.

పాయింట్లు దాచుకునే వాళ్లకి ఒక మాట. మన మొలగొలుకుల బియ్యం పాతబడే కొద్దీ అన్నం బాగుంటుంది, గాదెలో పెట్టి ఏడాది ఆగొచ్చు. పాయింట్లకి ఆ గుణం లేదు. ఏ సాయంత్రమో "నిబంధనల్లో మార్పు" అని ఒక మెసేజి వస్తుంది, వచ్చే నెల నుంచి రేటు తగ్గుతుంది, లేదా నెలకి ఇన్నే వాడాలని కట్టడి పెడతారు. కంపెనీలే ఉండకపోవచ్చు కూడా. విస్తారా 2024 నవంబర్ 12న ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది, వాళ్ల సభ్యుల పాయింట్లన్నీ ఆ ఖాతాల్లోకి మారాయి. అందుకని ఏడాదిన్నరకి మించి నేను దాచను.

ఇంక నా కడుపుమంట. 2024 ఆగస్టులో పుణెలో పెళ్లికని పోర్టల్లో 9,000 పాయింట్లతో టికెట్టు తీశా. పదిరోజుల ముందు ఎయిర్‌లైన్ ఆ విమానం రద్దు చేసింది. పోర్టలుకి ఫోన్ చేస్తే ఎయిర్‌లైన్‌ని అడగమన్నారు. ఎయిర్‌లైన్ వాళ్లు "మీరు మా దగ్గర కొనలేదు సార్, ఏజెంటుని అడగండి" అన్నారు. బ్యాంకు వాళ్లు ఇద్దర్నీ అడగమన్నారు. మూడు నంబర్లకీ ఒకటే సంగీతం. పాయింట్లు 47 రోజులకి వెనక్కొచ్చాయి. ఈలోపల వాటిలో 3,100కి గడువు దాటింది, వచ్చినట్టే వచ్చి అదే రోజు మాయమయ్యాయి. మూడో మెయిల్లో ఒక వాక్యం రాశా: ముప్పై రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు ఆంబుడ్స్‌మన్‌కి రాస్తానని. 2021 నుంచి ఈ ఫిర్యాదులన్నిటికీ ఒకటే పోర్టల్ ఉంది, ఇంటి నుంచే పెట్టొచ్చు. ఆ 3,100 నాలుగు రోజుల్లో వచ్చాయి. డబ్బుతో నేరుగా కొని ఉంటే ఈ బాధ సగం కూడా ఉండేది కాదు. పాయింటుకు 50 పైసలన్న లెక్కలో ఈ ఫోన్‌కాల్స్ ఎక్కడా కనపడవు.

పాయింట్ల కోసం ఖర్చు పెట్టడం ఎట్టా ఉంటుందో కూడా ఒకసారి చూశా. చిన్నబజారులో 60,000కి గాజులు కొన్నప్పుడు కార్డుకి 2 శాతం ఎక్కువన్నాడు షాపాయన. 1,200. నాకొచ్చే 1,600 పాయింట్ల విలువ 800. "పాయింట్లొస్తాయి కదా" అని గీకేశా. నాలుగొందలు నష్టానికి గీకా. ఇంకోసారి ఖాతాలో డబ్బు చాలక ఆటో డెబిట్ తప్పింది, ఒక్క నెల వడ్డీతో ఏడాది పాయింట్లలో మూడో వంతు హరీ. నెలకి మూడున్నర శాతమంటే ఏడాదికి 42. ఈ వడ్డీ 30 శాతం దాటకూడదని వినియోగదారుల కమిషన్ ఎప్పుడో ఇచ్చిన తీర్పుని 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది కూడా. బిల్లు పూర్తిగా కట్టలేని నెలలున్న ఇంట్లో ఈ పాయింట్ల మాటే ఎత్తొద్దు.

మా మామగారికి ఇవేమీ అక్కర్లేదు. ఆయన దగ్గర ఐఆర్‌సీటీసీ పేరుతో ఎస్‌బీఐ ఇచ్చే కార్డు ఉంది. ఏసీ టికెట్లకి 10 శాతం దాకా పాయింట్లు, ఒక పాయింటు ఒక రూపాయి, వాడేది రైలు టికెట్టుకే. సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాదు పోతాడు, వస్తాడు, పోగైన పాయింట్లతో అప్పుడప్పుడు ఒక టికెట్టు తీస్తాడు. చిత్తుకాగితం లేదు, భాగహారం లేదు. విమానం ఎక్కడం ఏడాదికి ఒకసారి, రైలెక్కడం నెలకోసారి ఉండే మన జిల్లా వాళ్లలో చాలామందికి నా కార్డు కంటే ఆయన కార్డే నయం. నేను ఆ మాట ఆయన ముందు అనలేదు.

ప్రస్తుతం నా ఖాతాలో 11,400 పాయింట్లున్నాయి. వచ్చే నెల అమ్మని మళ్లీ కంటి చెకప్‌కి తీసుకెళ్లాలి, అదే హోటల్లో ఒక రాత్రి. నిన్న చూస్తే పోర్టల్లో 6,150. రిసెప్షనుకి ఫోన్ చేస్తే, పోయినసారి వచ్చారు కదా అని టిఫినుతో కలిపి 5,400కి ఇస్తామన్నాడు. డబ్బే కట్టేశా. ఈ పాయింట్లలో నాలుగు వేలకి ఆగస్టులో గడువు దాటుతుంది. ఆవిడ మళ్లీ కేటలాగు తెరిచి చూస్తోంది, గ్రైండరు ఉందంట.