320 కొట్టి ఎంటర్ నొక్కితే: డిజిటల్ రోటేటర్ కంట్రోలర్‌తో నాలుగేళ్లు

కీప్యాడ్ మీద 320 కొట్టి ఎంటర్ నొక్కుతాను. డాబా మీద మూడు ఎలిమెంట్ల యాగీ (మూడు లోహపు గొట్టాలతో, ఒక దిక్కుకి గురిపెట్టే యాంటెన్నా) మెల్లగా కదిలి, వేగం అందుకుని, లండన్ దిక్కుకి దగ్గరవుతుండగా మళ్లీ నెమ్మదించి ఆగుతుంది. కుదుపు ఉండదు, టవర్ ఊగదు. నేను హామ్‌ని, అంటే సరదా కోసం సొంత రేడియో స్టేషన్ నడిపేవాణ్ని. యాంటెన్నాని తిప్పే మోటారు రోటేటర్, దాన్ని నడిపే పెట్టె ఈ కంట్రోలర్. నాలుగేళ్లయినా ఇది చూస్తుంటే నాకు సంతోషంగానే ఉంటుంది.

అంతకుముందు పదేళ్లు రోటేటర్‌తో వచ్చిన పాత పెట్టే వాడాను. స్విచ్ నొక్కి పట్టుకోవాలి, ముల్లు చూస్తూ కూర్చోవాలి, వదిలిన క్షణంలో యాంటెన్నా టక్కున ఆగేది. ఆ ఆగడంలో మాస్ట్ (యాంటెన్నాని మోసే గొట్టం) మొత్తం వణికేది. మా ఆవిడ కింద వంటింట్లో ఉండి కూడా, "తిప్పుతున్నారా?" అని అడిగేది. కొత్త కంట్రోలర్ వచ్చాక ఆ ప్రశ్న ఆగిపోయింది.

స్పెసిఫికేషన్లు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నాకు బాగా పనికొచ్చిన ఒక సెట్టింగ్ గురించి మాత్రం చెప్పాలి. మాది విశాఖపట్నం. ఉత్తరం నుంచి డిగ్రీల్లో లెక్కిస్తే ఇక్కడి నుంచి లండన్ 320, టోక్యో 58, న్యూయార్క్ 341. అంటే మనం ఎక్కువగా మాట్లాడే స్టేషన్లన్నీ ఉత్తరానికి అటూ ఇటూనే. నా రోటేటర్ 360 డిగ్రీలే తిరుగుతుంది, దాని స్టాప్, అంటే అంతకుమించి తిరగని చోటు, ఉత్తరంలో ఉండేది. జపాన్ నుంచి యూరప్‌కి తిప్పాలంటే దక్షిణం మీదుగా 262 డిగ్రీలు చుట్టి రావాలి. ఈ కంట్రోలర్ మెనూలో స్టాప్‌ని దక్షిణానికి మార్చే సౌకర్యం ఉంది. ఒక ఆదివారం టవర్ ఎక్కి యాంటెన్నాని మాస్ట్ మీద సగం చుట్టు తిప్పి బిగించి, మెనూలో మార్చాను. ఇప్పుడు అదే ప్రయాణం 98 డిగ్రీలు. పైలప్‌లో (ఒకే స్టేషన్‌ని చాలామంది ఒకేసారి పిలిచే గుంపులో) ఒక అరుదైన స్టేషన్ రెండు నిమిషాలు పైకొచ్చి మునిగిపోయేటప్పుడు ఆ తేడా ఎంత విలువైనదో హామ్‌లకు చెప్పక్కర్లేదు. మన ప్రాంతంలో రోటేటర్ పెట్టుకునేవాళ్లు మొదటి రోజే స్టాప్‌ని దక్షిణంలో పెట్టుకోండి. నేను పదేళ్లు ఆలస్యం చేశాను.

కరెంటు పోతే ఏమవుతుందని చాలామంది అడుగుతారు. నా రోటేటర్‌లో పొటెన్షియోమీటర్ (ఎంత తిరిగిందో వోల్టేజి ద్వారా చెప్పే భాగం, పొట్టిగా పాట్) ఉంది కాబట్టి కరెంటు రాగానే యాంటెన్నా ఎక్కడుందో కంట్రోలర్‌కి తెలిసిపోతుంది. పల్సులు లెక్కపెట్టే రకం వాడే మిత్రుడొకరు, తిరుగుతుండగా కరెంటు పోయినప్పుడల్లా చివరి వరకూ తిప్పి మళ్లీ లెక్క సరిచేసుకోవాల్సి వస్తోందని వాపోతుంటాడు. కొనేముందు మీ రోటేటర్ ఏ రకమో చూసుకోండి.

ఇక అసలు సంగతి. మూడో ఏడాది డిసెంబరులో ఒక సాయంత్రం 21 మెగాహెర్ట్జ్‌లో ఇటలీ స్టేషన్ ఒకటి గట్టిగా వస్తోంది. 309కి తిప్పి పిలిచాను. నేను మాట్లాడుతుంటే డిస్‌ప్లేలో అంకె నా గొంతుతో పాటు ఎగురుతోంది. 309, 283, 330, మళ్లీ 295. పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కి పట్టే బటన్) వదిలితే 309 దగ్గర బుద్ధిగా నిలబడుతోంది. అంకె ఎగరడం వరకే అయితే పర్వాలేదు. యాంటెన్నా గాలికి పక్కకి జరిగితే తనంతట తానే మళ్లీ పాత దిక్కుకి తెచ్చే సెట్టింగ్ ఒకటి ఉంది, నేను దాన్ని ఆన్‌లో ఉంచాను. అంకె ఎగిరిన ప్రతిసారీ కంట్రోలర్ నిజంగానే యాంటెన్నా జరిగిందనుకుని మోటారుని అటూ ఇటూ తిప్పేసింది. రిలేలు టకటకా కొట్టుకున్నాయి. నేను తేరుకుని స్విచ్ ఆపేలోపు ఎన్నిసార్లు దిశ మారిందో చెప్పలేను. మెత్తగా ఆగాలంటే గమ్యం ఇంకా ఎంత దూరమో తెలియాలి కదా, అంకే అబద్ధమైతే మెత్తదనం ఎక్కడిది? ఆ కుదుపులన్నీ నేరుగా మాస్ట్ మీదే పడ్డాయి.

కారణం మర్నాడే దొరికింది. రోటేటర్ కేబుల్‌ని కోయాక్స్‌తో (రేడియో నుంచి యాంటెన్నాకి వెళ్లే కేబుల్‌తో) కలిపి ఒకే కట్టగా టవర్ దించాను. 100 వాట్లతో ప్రసారం చేస్తే ఆ కేబుల్ కూడా యాంటెన్నాలా ఆర్‌ఎఫ్‌ని (రేడియో తరంగాల శక్తిని) పట్టుకుని కంట్రోలర్‌లోకి తెస్తోంది. కేబుల్‌ని కోయాక్స్ నుంచి దూరంగా జరిపాను. కంట్రోలర్ వెనక పాట్ లైన్ల నుంచి ఎర్త్‌కి, 103 అని రాసి ఉండే చిన్న డిస్క్ కెపాసిటర్లు వేశాను. కేబుల్ లోపలికొచ్చే చోట, ఆర్‌ఎఫ్‌ని అడ్డుకునే ఫెరైట్ కోర్ మీద ఎన్ని చుట్లు పడితే అన్ని చుట్టాను. అంకె నిలబడింది. ఆ ఆటో సెట్టింగ్ కూడా ఆపేశాను. గొడవ తీరిందనుకున్నాను.

తీరలేదు. ఆ తర్వాత ఐదు వారాలు యూరప్ నాకు సరిగ్గా వినిపించలేదు. కండిషన్స్ (తరంగాలు ప్రయాణించే పరిస్థితులు) బాగాలేవనుకుంటూ రోజూ 320 కొట్టి, ఎంటర్ నొక్కి, బుస లాంటి శబ్దం విని, రేడియో ఆపి పడుకునేవాణ్ని. చివరికి రాజమండ్రి మిత్రుడు ఒక రోజు ఫోన్ చేసి అడిగాడు. "మాస్టారూ, నాకు సాదా తీగ డైపోల్ మీదే ఇటలీ ఐదు తొమ్మిదితో గట్టిగా వస్తోంది. మీకు యాగీ ఉండి వినపడకపోవడమేంటండీ? ఒకసారి డాబా ఎక్కి చూడండి."

ఎక్కాను. జనవరి సాయంత్రం. కింద డిస్‌ప్లే 309 అంటోంది. పైన బూమ్ (ఎలిమెంట్లను మోసే పొడుగు గొట్టం) సూటిగా మునుగుతున్న సూర్యుడి వైపు చూస్తోంది. జనవరి మొదట్లో మా దగ్గర సూర్యుడు 247 దగ్గర అస్తమిస్తాడు. అరవై డిగ్రీలకు పైనే తేడా! ఆ రోజు కుదుపులకి క్లాంప్ బోల్టులు వదులై మాస్ట్ జారింది, ఆ తర్వాత సముద్రపు గాలి రోజూ కాస్త కాస్తగా తిప్పుకుంటూ పోయింది. రోటేటర్ మాత్రం తను అనుకున్న దిక్కుకే తిరుగుతోంది. కంట్రోలర్‌కి తెలిసేది రోటేటర్ లోపలి పాట్ స్థానం ఒక్కటే. దాని మీద బిగించిన మాస్ట్ ఎటు చూస్తోందో దానికి తెలిసే దారే లేదు.

నాకు బాధ కలిగించింది బోల్టు వదులవడం కాదు. పాత ముల్లు మీటర్ ఉన్నప్పుడు దాన్ని పూర్తిగా నమ్మేవాణ్ని కాదు, వారానికోసారైనా పైకెళ్లి చూసేవాణ్ని. ఎర్రటి వెలుగులో డిగ్రీతో సహా 309 అని కనిపించేసరికి పైకెళ్లడమే మానేశాను. అసలు మూడు ఎలిమెంట్ల యాగీ బీమ్ వెడల్పే అరవై డిగ్రీల పైన ఉంటుంది. ఒక్క డిగ్రీ ఖచ్చితత్వం దానికి అవసరమే లేదు. మొదట్లో మిత్రులందరికీ "డిగ్రీ కూడా తేడా రాదు" అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

ఇప్పుడు నెలకోసారి సూర్యుడితోనే సరిచూసుకుంటాను. ఏ వేళకి సూర్యుడి అజిమత్ (ఉత్తరం నుంచి డిగ్రీల్లో దిక్కు) ఎంతో కంప్యూటర్‌లో తెలుసుకోవచ్చు. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు యాంటెన్నాని ఆ అంకెకి తిప్పితే బూమ్ నీడ బూమ్ వెనకే తిన్నగా పడాలి. టవర్ దగ్గర దిక్సూచి పెట్టకండి, ఇనుము వల్ల ముల్లు పక్కకి పోతుంది.

కంప్యూటర్‌తో కలపడం గురించి రెండు మాటలు. ఇది యాయెసు (Yaesu) కంపెనీ జీఎస్-232 ఆదేశాలు అర్థం చేసుకుంటుంది కాబట్టి హామ్‌లిబ్ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ద్వారా, మాట్లాడిన స్టేషన్లు రాసుకునే లాగింగ్ సాఫ్ట్‌వేర్‌కి సులువుగా కలిసింది. క్లస్టర్‌లో (ఏ స్టేషన్ ఎక్కడ వినిపిస్తోందో హామ్‌లు పంచుకునే జాబితాలో) స్టేషన్ మీద క్లిక్ చేస్తే యాంటెన్నా తిరుగుతుంది. బాగానే ఉంది కానీ నేను చేత్తో కొట్టడానికే అలవాటుపడ్డాను. లాంగ్ పాత్ (భూమిని అవతలి వైపు నుంచి చుట్టి వెళ్లే దారి) బటన్ మాత్రం రోజూ వాడతాను. న్యూయార్క్ 341 మీద ఉండగా నొక్కితే 161కి పోతుంది, లెక్క వేసుకోనక్కర్లేదు.

కొనొచ్చా అంటే, నాలా సొంత డాబా, ఒకే యాగీ, సాయంత్రం గంటన్నర సమయం ఉన్నవాళ్లకి కొనమనే చెబుతాను, ఫెరైట్లు కూడా ఆ రోజే కొనుక్కునే పక్షంలో. అపార్ట్‌మెంట్‌లో డైపోల్‌తో నడిపేవాళ్లకి దీనితో పని లేదు. అజిమత్, ఎలివేషన్ (పైకెత్తే కోణం) రెండూ తిప్పుతూ ఉపగ్రహాలు పట్టేవాళ్ల అవసరం వేరు, వాళ్ల తరఫున నేను చెప్పలేను.

ఈ మధ్య 320 దగ్గరకి రాగానే అంకె రెండు మూడు డిగ్రీలు వణుకుతోంది, ప్రసారం చేయకపోయినా సరే. మిగతా దిక్కుల్లో వణుకు లేదు. ఇన్నేళ్లూ ఎక్కువగా అక్కడే ఆపడం వల్ల పాట్ ఆ చోట అరిగిపోయి ఉంటుంది. పాట్ మార్చాలంటే రోటేటర్ కిందకి దించాలి. 2014లో హుద్‌హుద్ తుపానుని ఇక్కడే ఉండి చూశాను కాబట్టి, అక్టోబరు రాకముందే ఆ పని పూర్తి చేసి, ఈసారి మాస్ట్‌కి క్లాంప్‌తో పాటు అడ్డంగా ఒక బోల్టు కూడా వేయిస్తాను.